పెట్టించానండి

పేరమ్మ గారికి ఒళ్ళు మండిపోయింది.

మండదూ మరి! మంత్రోపదేశం కావాలని ఇల్లూ పొలమూ మరుదులకి అప్పగించి, చంపావతి ఏటి ఒడ్డున ఉన్న ఆ ఆశ్రమానికి వచ్చారు. చాపమీద పడుకుంటూ, ఒంటిపూట తింటూ, గురువు గారు ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉన్నారు. తీరా ఆయన పిలిచి చెప్పిన మాట ఇదీ:

"పేరమ్మా, నా నడుం పట్టేసింది. వంగలేకపోతున్నాను. రేపటినుంచి మన చేపకి ఎర్రలు నువ్వు చూడాలి."

ఎర్రలంటే వానపాములు. మా వైపు అలాగే అంటారు.

పేరమ్మ గారు మా అమ్మమ్మకి మేనత్త. ఈ సంగతి ఆవిడ నోటితోనే విన్నానని అమ్మమ్మ చెప్పేది. ఇక్కడికి వచ్చేసరికి అమ్మమ్మకి కూడా కోపం వచ్చేది. "చూడవే, పట్టుబట్ట కట్టుకుని జపం చేసుకునే మనిషిని పట్టుకుని వానపాములు తవ్వమంటాడా!" అని, అదేదో నిన్న జరిగినట్టు, చేతిలో ఉన్న వత్తుల పత్తి పక్కన పడేసేది.

ఆ గురువు గారు కాషాయం కట్టిన మనిషి కాదు. జన్మంతా పౌరోహిత్యం చేసినవారు. అందరూ అవధాని గారనే పిలిచేవారు. భార్య పోయాక ఏటి ఒడ్డున పాకలు వేసుకుని, వచ్చినవాళ్ళకి ఇంత గంజి పోస్తూ, అడిగినవాళ్ళకి ఒకటో రెండో మాటలు చెబుతూ ఉండిపోయారు.

ఇక చేప సంగతి. ఎండాకాలం మొదట్లో ఏరు ఇంకిపోతూ ఉంటే, ఆఖరి మడుగులో ఒక కొర్రమీను బురదలో కొట్టుకుంటూ కనిపించింది ఆయనకి. ఎవరి గాలానికో తగిలి తప్పించుకున్నట్టుంది, మూతి చీరుకుపోయి ఉంది. పైపంచె తడిపి, అందులో చుట్టి తెచ్చి, గొడ్లు నీళ్ళు తాగే పాత రాతితొట్టిలో వేశారు. అప్పటినుంచీ అది ఆయన పెంపుడు చేప. దాన్ని 'పెద్దమనిషి' అని పిలిచేవారు. పొద్దున్నే తొట్టి దగ్గరికి వెళ్ళి, "ఏం పెద్దమనిషీ, కులాసానా?" అని పలకరించేవారు. అదీ పైకి తేలి ఆయన్ని చూసేది.

పేరమ్మ గారు ఊరుకోలేదు.

"గురువు గారూ, తమరు నన్ను పరీక్షిస్తున్నారా?"

"లేదమ్మా. నడుం నొప్పిగా ఉంది."

"పొయ్యిలో కట్టె పెట్టేముందు కూడా దులిపి పెడతాను నేను, చీమ ఉంటుందేమోనని."

"మంచిది."

"అలాంటి నాచేత ప్రాణాలు తీయిస్తారా?"

"చేపకి ఆకలేస్తుంది కదా."

"అన్నం మెతుకులు వేస్తాను."

"నేనూ వేశాను. మర్నాటికి తొట్టెడు నీళ్ళూ పులిసిపోయాయి. కదిలేదైతేనే తింటుంది అది."

"అయితే ఏట్లో వదిలెయ్యండి!"

"ఏరేదీ?"

పేరమ్మ గారు అటు చూశారు. ఆ ఒడ్డునుంచి ఈ ఒడ్డుదాకా ఇసుక. ఎండకి మిలమిలలాడుతోంది.

"ఒక్క మాట చెప్పండి. ఇది పాపం కాదా?"

"పాపమే," అన్నారు గురువు గారు.

ఈ జవాబుకి ఆవిడ సిద్ధంగా లేరు. పాపం కాదంటారనీ, ఏదో శాస్త్రం చెబుతారనీ, దానికి తను ఇలా అడ్డుపడాలనీ లోపల మాటలు కూర్చుకుని వచ్చారు. అవన్నీ ఎటూ కాకుండా పోయాయి. దాంతో ఒళ్ళు మరీ మండింది.

"పాపమని తెలిసి చెయ్యమంటారా?"

"ఇన్నాళ్ళూ నేను తెలిసే చేశాను. నీకిష్టం లేకపోతే మానెయ్యి అమ్మా. ఎలాగోలా పాక్కుంటూ వెళ్ళి నేనే తవ్వుకుంటాను."

మానెయ్యమన్నారు కదా, మానేస్తే సరిపోయేది. కానీ వ్యాసపూర్ణిమ నాడు ఉపదేశం ఇస్తానని ఆయన మాట ఇచ్చి ఉన్నారు. మొదటిసారి చెప్పిన పనే కాదంటే ఆ మాట ఉంటుందో ఉండదో. ఆ మంత్రం కోసమే కదా ఆవిడ అన్నీ వదులుకుని వచ్చింది. చెయ్యనని అనలేరు, చెయ్యనూ లేరు.

సాయంత్రం జపం చేసుకుంటూ ఉంటే ఉపాయం తట్టింది. జపం ముగించకుండానే లేచారట.

ఆశ్రమంలో ఆవుల్ని చూసుకుంటూ, పాకలు అలుకుతూ ఉండే మనిషి అసిరమ్మ. పక్కన పేటలో ఉండేది. మర్నాడు పొద్దున్నే ఆమెని పిలిచారు.

"అసిరమ్మా, ఎర్రలు తియ్యాలి."

"కూరకేటండి?" అంది అసిరమ్మ.

"ఛీ! చేపకి!"

"ఓహో, సేపని మేపుతారు. బలిసాక ఆ సేపని కూరకా?"

"నోరు మూసుకుని గునపం పట్టుకురా."

వైశాఖమాసపు ఎండల్లో ఎర్రలు దొరకడం మాటలా! వానలప్పుడైతే కాలు పెట్టే సందు లేకుండా అవే వచ్చి పాకుతాయి. ఎండాకాలం నేల లోపలికి దిగిపోతాయి. పెంటకుప్ప దగ్గర తవ్వితే వేడి పొడి తప్ప ఏమీ రాలేదు. ఆవుల పాక వెనక తవ్వితే తెల్లటి పురుగులు వచ్చాయి. గోడ వార రాళ్ళు ఎత్తితే తేలు వచ్చింది. అసిరమ్మ గెంతి ఇవతల పడింది.

పేరమ్మ గారు తడిచీర కట్టుకుని, ఎవరూ తగలనంత దూరంలో నిలబడి, చెయ్యి చాపి చూపిస్తున్నారు. మడిలో ఉన్నారు కదా.

"అక్కడ కాదే. అటు, అరటిచెట్ల మొదట్లో చూడు. మట్టి జంతికల్లా చుట్టలు చుట్టలుగా ఉంది."

అది ఆవిడ నూతి దగ్గర పోసుకున్న నీళ్ళు పారే చోటు. మడి కోసం చేదల మీద చేదలు తోడి నెత్తిన గుమ్మరించుకునేవారు. ఊరంతా ఎండి బీటలు తీసినా ఆ జానెడు నేల ఎప్పుడూ చెమ్మగానే ఉండేది.

అసిరమ్మ వంగి చిటికెడు మట్టి తీసి నొసటికి రాసుకుంది. చెమట తుడుచుకుంటోందనుకున్నారు పేరమ్మ గారు. తర్వాత గునపం గుచ్చి ఒక పెళ్ళ లేవదీసింది. దాని అడుగున ఎర్రలు, దారప్పోగులు చిక్కు పడ్డట్టు.

"ఇదిగో, ఇక్కడ కాపరమెట్టినాయి! మీరు పొద్దస్తమానం నీల్లు పోసుకుంటే సల్లగా బతికేత్తన్నాయి. ఇవి మీ ఎర్రలేనండి, పేరమ్మ గోరూ!"

"నా ఎర్రలేమిటే! పిచ్చి కూతలూ నువ్వూనూ!" అని కసిరారు ఆవిడ.

ఆ రోజునుంచి అదే వరస. గునపంతో పొడిస్తే తెగిపోతున్నాయని చిన్న కర్రముక్కతో మట్టి కదిలించమన్నారు. అరటిచెట్ల కింద తడిపిన గోనెపట్టా పరిపించారు. పొద్దున్నే ఆ పట్టా ఎత్తితే నాలుగు పైకి వచ్చి ఉండేవి. తడిమట్టి వేసిన కొబ్బరిచిప్పలో వాటిని అసిరమ్మచేత వేయించేవారు. అసిరమ్మ ఆ చిప్ప తీసుకెళ్ళి తొట్టిలో వంచేది. కొర్రమీను కింది నుంచి చప్పున లేచి అందుకునేది. పేరమ్మ గారు మొహం పక్కకి తిప్పుకుని, "అయిందా? ఇంకా నాలుగు వెయ్యి, నిన్న దానికి చాలలేదు," అనేవారు.

గురువు గారు పాకలో మంచం మీదనుంచే అడిగేవారు.

"చేపకి పెట్టావా, పేరమ్మా?"

"పెట్టించానండి."

ఆ 'ఇం' అన్నదాన్ని ఆవిడ గట్టిగా, ఎవరూ పొరపాటు పడకుండా పలికేవారట. ఆయన "మంచిది" అని ఊరుకునేవారు.

ఏటి అవతల ఒక శివాలయం ఉంది. పేరమ్మ గారికి మోకాళ్ళ నొప్పులు. కాలిపోయే ఇసకలో అంత దూరం నడవలేరు. అక్కడి పూజారి గారికి తన పేరూ గోత్రమూ చెప్పి పంపి, ప్రతి సోమవారం అభిషేకం జరిగే ఏర్పాటు చేసుకున్నారు. మధ్యాహ్నానికి విభూతి, ఇంత ప్రసాదం వచ్చేవి. విభూతి పెట్టుకుని, ఆ ప్రసాదం గురువు గారికి ఇస్తూ చెప్పేవారు:

"ఈ సోమవారం కూడా స్వామికి అభిషేకం చేసుకున్నానండి."

"సంతోషం, అమ్మా," అని కళ్ళకద్దుకుని తీసుకునేవారు ఆయన.

జ్యేష్ఠంలో ఎండలు మరీ ముదిరాయి. ఒకరోజు అసిరమ్మ ఆలస్యంగా వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి, గోనెపట్టా ఎత్తి, మట్టి కదిలించడం మొదలుపెట్టింది.

"ఏమే, ఇంత పొద్దెక్కి వచ్చావు? చేప మాడిపోతోంది," అన్నారు పేరమ్మ గారు.

"మేక సచ్చిపోనాదండి." తల ఎత్తకుండా చెప్పింది అసిరమ్మ. "సూడి మేక. రేపో మాపో ఈనుతాదనుకున్నాను."

పేరమ్మ గారు నిట్టూర్చారు.

"ఊరికే పోతుందా, అసిరమ్మా? రోజూ అన్నేసి ప్రాణాలు తీస్తున్నావు. ఎక్కడో ఒకచోట తగలకుండా ఉంటుందా?"

ఆవిడ తిట్టడానికి అనలేదట. నిజంగా జాలిపడే అన్నారట. అది ఇంకా దారుణం కాదుటే, అనేది మా అమ్మమ్మ.

అసిరమ్మ చెయ్యి ఆగిపోయింది. మెల్లగా లేచి నిలబడింది.

"ఏటన్నారు?"

"ఉన్నమాటే అన్నాను."

"నానేటి నా కూరలోకి తవ్వినానా? నా పిల్లలకి వండి పెట్టుకున్నానా? అక్కడ తవ్వు, ఇక్కడ తవ్వు, ఇంకో నాలుగు తియ్యి అని మీరు నిలబడి సెప్తే తవ్వినాను. తవ్వించినోల్లు సల్లగా ఉండాల, తవ్వినోల్ల మేక సచ్చిపోవాలేటి? ఏ ఊరి నాయమమ్మా ఇది?"

"నోరు పెంచకు!"

"పెంచుతాను! మేకని పాతిపెట్టి వచ్చినాను. దాని కడుపులో పిల్లలు ఇంకా కదిలినట్టే ఉన్నాది నా సేతికి. నానొచ్చింది మీ సేప కోసం. మీరా మాటంటారా!"

చిప్ప నేలకేసి కొట్టింది. ఆవిడ మీదకి కాదు, నేల మీదకే. కానీ తడిమట్టి చింది మడిచీర మీద పడింది. అసిరమ్మ కొంగు దోపుకుని, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

పేరమ్మ గారు విసవిసా గురువు గారి పాకలోకి వచ్చారు.

"చూశారా, చూశారా! నా మడి మంటగలిపింది. ఇంతింత మాటలంది. ఇలాంటి మనిషిని ఆశ్రమంలో ఎలా ఉండనిస్తున్నారండీ? ఈ చీర చూడండి!"

జరిగిందంతా చెప్పించుకుని విన్నారు ఆయన. మేక గురించి తనేమన్నదీ ఆవిడే చెప్పారు. అందులో తప్పుందని అప్పటికి అనిపించలేదు మరి.

"చూడి మేకా?" అన్నారు ఆయన.

"అలాగే అందండీ. నా చీర..."

"ఎర్రలెక్కడ పడ్డాయమ్మా?"

"అరటిచెట్ల దగ్గర. ఎండలో."

గురువు గారు రాటని పట్టుకుని లేచారు. ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ అక్కడికి వెళ్ళారు. వంగలేక మోకాళ్ళ మీద కూలబడ్డారు. ఎండకి మెలికలు తిరుగుతున్న ఎర్రల్ని ఒక్కొక్కటే ఏరి, అరిటాకు ముక్క మీద వేసుకున్నారు. మధ్యలో నొప్పికి కళ్ళు మూసుకునేవారు. ఆశ్రమంలో ఉన్న నలుగురూ చేరారు. ఎవరైనా సాయం పట్టబోతే చేత్తో వద్దన్నారు.

తొట్టి దగ్గరికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట వేసుకుని తూర్పుముఖంగా కూర్చున్నారు. పంచపాత్ర తెప్పించుకున్నారు. ఉద్ధరిణెతో ఆచమనం చేశారు. చూస్తున్నవాళ్ళకి ఏమీ అర్థం కాలేదు. చేపకి మేత వెయ్యడానికి ఆచమనమెందుకు?

అప్పుడు ఆయన గొంతు సవరించుకుని, పెళ్ళిళ్ళలోనూ వ్రతాల్లోనూ చెప్పే ఆ పాత గొంతుతో సంకల్పం మొదలుపెట్టారు. దేశకాలాలు చెప్పారు. చంపావతీ తీరే అన్నారు. మాసం, పక్షం, తిథి చెప్పారు. ఆ తర్వాత గొంతు ఇంకాస్త పెంచి, "కౌండిన్యస గోత్రవత్యాః, పేరమ్మ నామధేయవత్యాః, మత్స్యస్య క్షుద్బాధా నివృత్త్యర్థం..." అంటూ, చేప ఆకలి తీర్చడం పేరమ్మ గారి పేరనే జరుగుతున్నట్టు చెప్పి నీళ్ళు వదిలారు.

"ఆపండి!" అని అరిచారు పేరమ్మ గారు.

ఆయన ఆపలేదు. అరిటాకు తొట్టిలోకి వంచారు.

"నా పేరెందుకు చెప్పారు? నా గోత్రం ఎందుకు చెప్పారు? నలుగురిలో నన్నింత మాట అంటారా?"

"అనలేదమ్మా. సంకల్పం చెప్పాను."

"నేను పెట్టలేదు! ఒక్కనాడు ముట్టుకోలేదు! దేవుడి తోడు, పెట్టించానంతే!"

గురువు గారు తడిచెయ్యి పంచెకి తుడుచుకున్నారు.

"మొన్న సోమవారం అభిషేకం?"

"చేసుకున్నా..."

మాట సగంలో ఆగింది. తొట్టిలో కొర్రమీను చప్పున లేచి, మళ్ళీ కిందికి వెళ్ళిపోయింది.

"అది వేరు," అన్నారు కాసేపటికి ఆవిడ. గొంతులో కోపం ఇంకా తగ్గలేదు. "అది దేవుడి పని."



"అసిరమ్మది ఏ గోత్రం, పేరమ్మా?"

"వాళ్ళకి గోత్రమేమిటండీ!"

"అంటే తెలీదన్నమాట." రాతితొట్టి అంచు పట్టుకుని లేచారు. "జన్మంతా పౌరోహిత్యం చేశాను. పేరూ గోత్రమూ తెలియకుండా ఎవరికీ ఏదీ చేర్చలేకపోయాను. ఆ పాపం ఆమెకి నువ్వెలా చేర్చావమ్మా?"

అని, నడుం పట్టుకుని పాకలోకి వెళ్ళిపోయారు.

ఆ రోజు పేరమ్మ గారు భోజనం చెయ్యలేదు. చాప చుట్టేశారు. ఇత్తడి చెంబూ, జపమాలా, రెండు చీరలూ మూట కట్టుకున్నారు. ఇలాంటి గురువు నాకక్కర్లేదు, ఇంటికి పోతాను, మరుదుల కాళ్ళ దగ్గర పడి ఉంటాను గానీ ఇంత అవమానం పడను అనుకున్నారు. మూట ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలోనే కూర్చుండిపోయారు. అటు వెళ్ళలేదు, ఇటు లోపలికీ రాలేదు.

తెల్లవారి స్నానానికి నూతి దగ్గరికి వెళ్ళారు. చేద తోడి నెత్తిన పోసుకున్నారు. ఆ నీళ్ళు కాళ్ళ మీంచి జారి, చప్టా దాటి, చిన్న కాలవలో పారి, అరటిచెట్ల మొదట్లోకి ఇంకుతున్నాయి. రోజూ పారేవే. ఆ రోజు చూశారు.

రెండో చేద పోసుకోలేదు.

మామూలు చీర కట్టుకుని, మూట గుమ్మంలోనే వదిలేసి, పేటలోకి నడిచారు. ఆ పేటలో ఆవిడ అడుగు పెట్టడం అదే మొదలు. అసిరమ్మ అరుగు మీద కూర్చుని ఖాళీగా ఉన్న మేకతాడు పేనుతోంది. చూసింది, లేవలేదు.

"ఏటి ఇలాగొచ్చినారు? సీర ఉతకాలేటి?"

"కాదే." అన్నారు పేరమ్మ గారు. "మీది ఏ గోత్రమో కనుక్కుందామని వచ్చాను."

అసిరమ్మ తాడు కింద పెట్టింది.

"ఏం, మాకు గోత్రం నేదనుకున్నారేటి? నాగేశ్వర గోత్రం. పాములు మా ఇంటి దేవుల్లు. నాగుల సవితినాడు పుట్టలో పాలు పోత్తాం. వానపామైనా పేరులో పాముంది కదా, తవ్వుతుంటే నాకు బయమెయ్యదేటి? రోజూ ఆ మట్టి నొసట పెట్టుకుని, తల్లీ తప్పు కాయమని దండమెట్టుకుని తవ్వినాను. మీరు సెప్పినారని. అవదాని గోరి సేప కదా అని. మేక సచ్చిపోతే ముందు నాకూ అదే అనిపించినాది. ఆ దుక్కంలోనే వచ్చినాను. మీరు అదే మాట మొకం మీద అనేసినారు."

పేరమ్మ గారు అరుగు చివర కూర్చున్నారు. అసిరమ్మకి తగిలేంత దగ్గరగా.

"నీ మేక నీ వల్ల పోలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

"మాట ఎనక్కి తీసుకుంటే మేక లేత్తాదేటి?"

"లెయ్యదు."

అసిరమ్మ మళ్ళీ తాడు చేతిలోకి తీసుకుంది.

"సేప తిన్నాదా?" అంది.

"నిన్న గురువు గారు పెట్టారు. ఇవాళింకా లేదు."

"మరిక్కడ కూకున్నారేటి? ఎల్లండి! నానొత్తాను, పదండి."

"నువ్వు ఆవుల పనికి రా. ఎర్రల పని నాది."

అసిరమ్మ నమ్మలేదు. చూద్దామనే వెనకాల వచ్చింది.

పేరమ్మ గారు గోనెపట్టా ఎత్తారు. కర్రముక్కతో మట్టి కదిలించారు. ఒక ఎర్ర సగం బయటికి వచ్చి మళ్ళీ లోపలికి దూరబోతోంది. ఆవిడ కళ్ళు మూసుకుని రెండు వేళ్ళతో పట్టుకున్నారు. చల్లగా, జిగటగా, వేళ్ళ మధ్య ఒక్కసారి బిగుసుకుంది. కెవ్వుమని వదిలేశారు.

ఆవుల పాకలోంచి అసిరమ్మ పకపకా నవ్వింది. "పట్టుకోండి, పట్టుకోండి! కరవదు. పేరుకే పాము!"

మళ్ళీ పట్టుకున్నారు. అది బతకడానికి ఎంత గింజుకుంటోందో వేళ్ళకి తెలుస్తోంది. ఇన్నాళ్ళూ దూరం నుంచి 'ఇంకా నాలుగు' అన్నది దీన్నే. ఆ రోజు 'ఇంకా నాలుగు' తియ్యలేదు. చేపకి ఎంత కావాలో అంతే తీశారు. చిటికెడు మట్టి నొసట పెట్టుకున్నారు. తొట్టి దగ్గర కూర్చుని, పుడిసిలి నీళ్ళు తీసుకుని, ఎవరికీ వినబడకుండా తన గోత్రమూ పేరూ చెప్పుకుని వదిలారు.

సోమవారం వచ్చింది. అవతలి ఒడ్డు నుంచి విభూతీ ప్రసాదమూ వచ్చాయి. తీసుకెళ్ళి గురువు గారి ముందు పెట్టారు.

"అభిషేకం అయిందా?" అని అడిగారు ఆయన.

"చేయించానండి," అన్నారు పేరమ్మ గారు.

ఆయన ప్రసాదం కళ్ళకద్దుకున్నారు.

ఆషాఢం వచ్చింది. వానలు పడ్డాయి. ఎర్రలు వాటంతటవే పైకి వచ్చి దారంతా పాకుతుంటే, అడుగు తీసి అడుగు వేసేటప్పుడు కింద చూసుకుని నడిచేవారు ఆవిడ. వ్యాసపూర్ణిమ నాటికి చంపావతి ఎర్రనీళ్ళతో పొంగి వచ్చింది. సాయంత్రం పెద్దమనిషిని ఏట్లో వదిలేద్దామన్నారు గురువు గారు. చీరుకుపోయిన మూతి ఎప్పుడో మానిపోయింది.

ఆ పొద్దున్న ఆయన పాకలో దీపం వెలిగించి కూర్చున్నారు. పేరమ్మ గారు గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఉపదేశం సంగతి ఆవిడ ఎత్తలేదు. ఆయనా ఎత్తలేదు.

"చేపకి పెట్టావా, పేరమ్మా?"

"పెట్టానండి."

గురువు గారు తన ఎదురుగా ఉన్న పీట ముందుకి జరిపారు.

ఆవిడ చేతులు చూసుకున్నారు. గోళ్ళ సందుల్లో ఇంకా తడిమట్టి ఉంది.

"ఒక్క క్షణం. చేతులు కడుక్కుని వస్తాను."

"అక్కర్లేదమ్మా," అన్నారు ఆయన. "అలాగే కూర్చో."